ఆరని ఎడమ అడుగు

క్రీడా హాస్టల్లో ఆమెను అందరూ కట్లక్క అనేవారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె కట్టిన కట్లన్నీ విప్పి పరిస్తే మైదానం చుట్టూ రెండు వరసలు వస్తాయని కోచ్ సార్ హాస్యమాడేవాడు. "మూడు. మీ లెక్క ఎప్పుడూ తక్కువే," అనేది ఆమె, నవ్వకుండా. హాస్యం తెలియక కాదు. ఒకసారి నవ్వితే ఈ పిల్లలు నెత్తికెక్కి కూర్చుంటారని ఆమె నమ్మకం, అది కొంతవరకూ నిజం కూడా.

మైదానం పక్కన పొడవాటి గది ఆమెది. రెండు బల్లలు, గోడకు ఎముకల పటాలు, మూలన ఐసు పెట్టె, తలుపు దగ్గర మోకాలి లోతు సిమెంటు తొట్టి. ఉదయం సాధన ముగిశాక పిల్లలు ఒక్కొక్కరే ఆ తొట్టిలో చల్లటి నీళ్లలో నిలబడాలి. బయటికి వచ్చాక కాళ్లు తుడుచుకోకూడదు. అదే తడి కాళ్లతో పొడి గచ్చు మీద తిన్నగా ఎనిమిది అడుగులు వేసి, బల్ల దగ్గరికి వచ్చి ఆగాలి. అందరూ వెళ్లాక కట్లక్క చేతులు వెనక్కి కట్టుకుని, అవి ఆరిపోయేలోగా ఆ అడుగుల్ని చదివేది. ఇలా చదవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఎవరి మడమ లోపలికి వాలుతోంది, ఎవరు బొటనవేలి మీద బరువు వేయడం మానేశారు, ఎవరు నొప్పి దాచుకుని కుంటుతున్నారు, అన్నీ ఆ తడి మరకల్లో ఉండేవి. "నోరు అబద్ధమాడుతుంది, మొహం అబద్ధమాడుతుంది, గచ్చు ఆడదు," అనేది. పరుగుపందేల పిల్లలకు అబద్ధం నీళ్లు తాగినంత తేలిక. నొప్పి ఉందంటే జట్టులోంచి తీసేస్తారని భయం మరి.

తొట్టిలో అందరికన్నా ముందు తనే దిగేది, నీళ్లు సరిపడా చల్లగా ఉన్నాయో లేదో చూడ్డానికి. ఈ మధ్య నీళ్లు ఎంతకీ చల్లబడటం లేదని విసుక్కుంటూ ఐసు రెట్టింపు వేస్తోంది. తర్వాత దిగిన పిల్లలు కెవ్వుమంటున్నారు. "సుకుమారాలు ఎక్కువయ్యాయి మీకు," అని కసిరేది.

లోకంలో చీలమండ బెణికిందంటే నూటికి తొంభై సార్లు బయటివైపే. పాదం లోపలికి మడత పడుతుంది, బయటి ఎముక గుబ్బ కింద కోడిగుడ్డంత వాపు వస్తుంది, ఇంట్లో పెద్దవాళ్లు "నరం పట్టింది" అని తేల్చేస్తారు. వీళ్లకు ఒంట్లో ఉన్నవన్నీ నరాలే. లోపలివైపు సంగతి వేరు. అక్కడ ఎముకల్ని కలిపి పట్టే లిగమెంటు విసనకర్రలా విచ్చుకుని, మందంగా, మొండిగా ఉంటుంది. పాదం బయటికి గట్టిగా తిరిగితే తప్ప అది తెగదు. అంత మొండిది తెగిందంటే దానితోపాటు ఇంకేదో కూడా పోయి ఉంటుంది. అందుకే లోపలి గుబ్బ కింద వాపు కనిపిస్తే కట్లక్క ముందు మంచి కాలు పట్టుకునేది, మంచి కాలు ఎలా ఉందో తెలియకపోతే చెడ్డకాలు ఏం చెబుతుందని. ఆ తర్వాతే దెబ్బతిన్న కాలు. గుబ్బకు ముందు, కింద, వెనక బొటనవేలితో నొక్కి, పిక్కను రెండు అరచేతుల మధ్య పిండి, బయటివైపు సన్న ఎముక వెంట చెయ్యి మోకాలి కింది దాకా పోనిచ్చేది. చీలమండ దగ్గర దెబ్బతగిలి ఎముక మోకాలి దగ్గర విరిగిన కేసులు ఆమె చేతిమీదుగా నాలుగు వెళ్లాయి. ఎక్స్‌రే వాళ్లు చీలమండ వరకే ఫోటో తీసి పంపితే, మోకాలితో సహా తియ్యమని వెనక్కి పంపేది. వాళ్లకు ఆమె అంటే ఒళ్లు మంట.

కట్లక్క సొంత అక్క కూతురు అదే హాస్టల్లో హర్డిల్స్ పరిగెత్తేది. పంతొమ్మిదేళ్లు. పేరు పెట్టి ఎవరూ పిలవరు, పిడుగు అంటారు. కాలికి బలపం కట్టుకుని పుట్టిన పిల్ల. ఆరు వారాల కిందట నాలుగో హర్డిల్ దాటి దిగేటప్పుడు ఎడమ పాదం బయటికి తిరిగింది. లోపలి గుబ్బ కింద వాపు, పొద్దున్నకల్లా వంకాయ రంగు. కట్లక్క మోకాలిదాకా తడిమి, ఎక్స్‌రే తీయించి, ఎముక బాగుందని రూఢి చేసుకున్నాకే ఊపిరి పీల్చుకుంది. పూటకు మూడుసార్లు గుడ్డలో చుట్టిన ఐసు, పావుగంట మించకుండా. సాగే పట్టీ కట్టు, దిండ్ల మీద కాలు, పదిహేను రోజులు చీలమండ కదలకుండా పట్టే బూటు, చంకలో కర్రలు. తర్వాత కాలివేళ్లతో తువ్వాలు లాగడం, రబ్బరు పట్టీకి ఎదురుగా పాదాన్ని లోపలికి లాగడం, మడత దిండు మీద ఒంటికాలితో నిలబడటం. బయటివైపు బెణుకుకన్నా లోపలిది ఎక్కువ రోజులు తింటుందని, తొందరపడితే పాదం వంపు కూలిపోతుందని రోజూ పాఠం చెప్పేది. పిడుగు నిలబడి వినే రకం కాకపోయినా, పిన్ని చెప్పింది చెప్పినట్టు చేసింది.

శనివారం ఎంపిక పందెం. మొదటి ముగ్గురికి పెద్ద శిబిరంలో చోటు. ఇరవై దాటితే ఆ విభాగంలో మళ్లీ అవకాశం లేదు, పిడుగుకు వచ్చే నెల ఇరవై నిండుతాయి. పరిగెత్తాలంటే గాయం మానిందని కట్లక్క చీటీ రాసి సంతకం పెట్టాలి.

మంగళవారం ఉదయం పిల్లలు వెళ్లాక కట్లక్క అడుగులు చదువుతూ తొట్టి దగ్గర ఆగిపోయింది.

గుంపులో ఒక ఎడమ అడుగు నిండుగా ఉంది. మామూలు అడుగులో లోపలివైపు వంపు దగ్గర నేల పొడిగా ఉంటుంది. దీనికి వంపే లేదు. మడమ నుంచి వేళ్ల దాకా ఒకే మరక, లోపలి అంచు బయటికి ఉబ్బి, పడవ అడుగులా. రెండో వేలు బొటనవేలికన్నా పొడుగు. పక్కనే పడిన కుడి అడుగు మాత్రం చక్కగా వంపు తిరిగి ఉంది. మిగతా అడుగులు అంచుల నుంచి ఆరుతూ చిన్నవై మాయమవుతున్నాయి. ఈ ఎడమ అడుగు మాత్రం అలాగే నల్లగా మెరుస్తూ ఉంది. గదిలో పంకా తిరుగుతోంది, బయట ఎండ కాస్తోంది, ఎవరో ఈల వేస్తున్నారు.

ఆ అడుగును ఆమె ఇంతకుముందు చూసింది. అది తన తల్లిది.

తల్లి పోయి పద్నాలుగేళ్లు. చివరి ఏడాది ఆవిడ ఎడమ పాదం లోపలివైపు ఎర్రగా, వేడిగా వాచింది. "నొప్పేమీ లేదే, బరువుగా ఉందంతే," అనేది. కూతురు రోజూ చూసేవి చీలమండ బెణుకులే. లోపలి లిగమెంటు సాగిందనుకుంది. ఐసు పెట్టింది, కట్టు కట్టింది, పది రోజులయ్యాక ఆటగాళ్లకు చెప్పినట్టే ఒంటికాలి మీద నిలబడమంది. గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించింది. నొప్పి లేదంటున్న మనిషిని నడిపిస్తే తప్పేముందనుకుంది. షుగరు మనిషికి కాలిలో స్పర్శ చచ్చిపోతుందని, లోపల ఎముకలు పొడి అవుతున్నా తెలియదని, అలాంటి కాలు నేల మీద ఆనించనే కూడదని డాక్టరు చెప్పేసరికి పాదం వంపు కూలిపోయింది. పుండు పడింది. మోకాలి కింద తీసేశారు. నాలుగు నెలలకు మనిషే పోయింది. నడిపించింది తనేనని కట్లక్క అక్కకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

బుధవారం ఆ అడుగు మళ్లీ పడింది. తొట్టి దగ్గర మొదలై తిన్నగా వచ్చి, ఆమె నిలబడే బల్ల దగ్గర ఆగింది. తిరిగి వెళ్లిన గుర్తు లేదు.

ఆమె దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు. నమ్మితే ముప్పై ఏళ్లుగా అస్థిపంజరం పటాల కింద కూర్చుని ఎలా తింటుంది? కానీ ఆ పూట పటాల వైపు చూడలేదు. గుడ్డ తెచ్చి ఆ ఒక్క అడుగునూ తుడిచింది. తుడిచినచోట గచ్చు ఇంకా తడిగానే కనిపిస్తే మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ తుడిచింది. కాలు కాలిన పిల్లిలా సాయంత్రం దాకా గదిలో తిరిగింది. ఎడమ చెప్పు బిగుతుగా ఉంటే పట్టీ ఇంకో చిల్లు వదులు చేసుకుని మరీ తిరిగింది.

గురువారానికి బుద్ధి దారిలో పడింది, లేదా పడిందని అనుకుంది. రెండో వేలు పొడుగు తమ ఇంటి గుర్తు. తల్లికి ఉంది, అక్కకు ఉంది, తనకుంది, పిడుగుకూ ఉంది. కుడి బాగుండి ఎడమ కూలింది. ఆరు వారాల కిందట తిరిగిందీ ఎడమే. ఇంకేం కావాలి? పిల్ల నొప్పి దాస్తోంది.

పిలిపించి బల్ల మీద కూర్చోబెట్టింది. మంచి కాలు, తర్వాత ఎడమ కాలు. గుబ్బ కింద నొక్కింది. పాదాన్ని బయటికి తిప్పింది. పిక్క పిండింది.

"నొప్పి?"

"లేదు పిన్నీ."

"ఇక్కడ?"

"లేదంటున్నాగా."

ఒంటికాలి మీద మడమ ఎత్తించింది. ఇరవై అయిదు సార్లు, వణుకు లేకుండా. దిండు మీద కళ్లు మూసుకుని నిలబెట్టింది. గెంతించింది. ఏ తప్పూ దొరకలేదు. దొరక్కపోయేసరికి ఆమెకు భయం పెరిగింది. నొప్పి లేదు, నొప్పి లేదు అన్న మాట ఆమె చెవిలో ఇంకో గొంతుతో వినిపించింది.

"చీటీ రాయను. శనివారం నువ్వు పరిగెత్తట్లేదు," అంది.

పిడుగు మొదట నవ్వింది, ఎగతాళి అనుకుని. తర్వాత మొహం మాడిపోయింది. "ఎందుకు? ఏం తప్పుంది నా కాలికి?"

"గచ్చు చెప్పింది."

"గచ్చా? నేను చెప్తున్నాను కదా, నీ కళ్లముందే చేసి చూపించాను కదా! అది ఎవరి అడుగో!"

"మనింటి అడుగు. మనింట్లో ఇక్కడ నడిచేది నువ్వొక్కదానివే."

పిల్ల ఏడవలేదు. అది కట్లక్కను ఇంకా బాధపెట్టింది. చెప్పులు చేతపట్టుకుని వట్టికాళ్లతో వెళ్లిపోయింది. కోచ్ సార్ వచ్చి నీళ్లు నమిలాడు. "అక్కా, ఆ పిల్ల బాగానే ఉందక్కా. నిన్నటి టైము చూశావా?" ఆమె వినలేదు. ఆ పిల్లను కంటికి రెప్పలా కాపాడుతున్నాననుకుంటోంది. ఇంకోసారి ఇంకో కాలు తన చేతుల్లో పోకూడదు, అంతే.

శుక్రవారమంతా పిడుగు గది వైపు రాలేదు. ఆ ఉదయం ఆమె ప్రాక్టీసు మానేసిందని, తొట్టిలో దిగనే లేదని కోచ్ చెప్పాడు. కట్లక్క చేతులు వెనక్కి కట్టుకుని గచ్చు దగ్గరికి వెళ్లింది. ఎడమ అడుగు ఉంది. నిన్నటికన్నా నిండుగా, లోపలి అంచు ఇంకాస్త ఉబ్బి.

ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. అంతసేపూ అది ఆరలేదు. "ఏం కావాలమ్మా నీకు?" అంది పైకే. ఖాళీ గదిలో తన గొంతు వినపడి సిగ్గేసింది. మళ్లీ అడగలేదు.

శనివారం ఏడింటికి పిడుగు వచ్చింది. పందెం తొమ్మిదింటికి. పరుగు దుస్తుల్లోనే ఉంది, వీపున మూడు నంబరు కుట్టుకుని. కట్లక్క అప్పుడే తొట్టి నీళ్లు చూసి బయటికి వచ్చి బల్ల దగ్గర పట్టీలు సర్దుతోంది. పిల్ల నేరుగా తొట్టిలోకి దిగింది. చలికి పళ్లు కరిచింది. బయటికి వచ్చి గోడవారగా, ఎవరూ తొక్కని పొడి గచ్చు మీద ఎనిమిది అడుగులు వేసింది.

"చదువు పిన్నీ. నా ఒక్కదానివే."

ఎనిమిదీ వంపు తిరిగి ఉన్నాయి. కుడి ఎలా ఉందో ఎడమా అలాగే. కట్లక్క వంగి చూసింది, ఇంకా వంగి చూసింది. ఇలాంటి చక్కటి ఎడమ అడుగు కోసమే ఆరు వారాలు చాకిరీ చేసింది. పిల్ల గెలిచినట్టు తలెత్తింది కానీ కళ్లు పిన్ని మీద లేవు, పిన్ని వెనక ఉన్న నేల మీద ఉన్నాయి.

"పిన్నీ," అంది మెల్లగా. "కదలకు. అక్కడే ఉండు."

తొట్టి నుంచి బల్ల దాకా అడుగులు తడిగా మెరుస్తున్నాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఎడమవన్నీ పడవల్లా నిండుగా. చివరి రెండూ కట్లక్క కాళ్ల కిందే ఉన్నాయి. గదిలో ఆ ఇద్దరే ఉన్నారు.

ముప్పై ఏళ్లుగా ఆ గచ్చు మీద ముందు పడేవి ఆమె అడుగులే, ఆమె చదవనివీ అవే. చీపురూ నీళ్ల గొట్టమూ గదిలో భాగమైనట్టు అవి కూడా గదిలో భాగమేనని ఆమె లెక్క. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

పిడుగు ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి కుడికాలు ముందు పట్టుకుంది, పిన్ని నేర్పినట్టే. తర్వాత ఎడమ. పట్టుకోగానే చెయ్యి లాగేసుకుంది. జ్వరం వచ్చినవాళ్ల నుదురులా కాలుతోంది. అప్పుడే ఐసు నీళ్లలోంచి వచ్చిన కాలు. లోపలి గుబ్బ వాపులో కలిసిపోయి కనబడటమే లేదు. పిల్ల దాని కింద బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"నొప్పి?"

"లేదు," అంది కట్లక్క. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమె మొహం తెల్లబోయింది.

పిడుగు పాదం పైకెత్తి అరికాలు చూసింది. మడమకు ముందు, కూలిన వంపులో, ఏదో తళుక్కుమంది. పటాలు గోడకు గుచ్చే ఇత్తడి పిన్ను. తలదాకా దిగి ఉంది. ఎన్నాళ్ల కిందటిదో, చుట్టూ చర్మం గట్టిపడి దాన్ని పట్టేసుకుంది. పిల్ల రెండు గోళ్లతో బయటికి లాగుతుంటే కట్లక్క కళ్లప్పగించి చూసింది. అంగుళంలో మూడో వంతు లోహం ఆమె ఒంట్లోంచి వచ్చింది. ఆమెకు ఏమీ తెలియలేదు. ఇంకెవరి కాలికో జరుగుతున్నట్టుంది. అంత భయం ఆమెకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు.

"షుగరు మాత్రలు వేసుకుంటున్నావా?"

"మరిచిపోతుంటాను."

"ఎన్నాళ్ల నుంచి?"

పిల్ల గాయాన్ని కడిగి పలచటి కట్టుగుడ్డ పెట్టి కట్టింది. ఎముకల డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన అటునుంచి అరుస్తున్నది గదంతా వినిపించింది. కాలు కింద పెట్టనివ్వద్దు, ఒక్క అడుగు కూడా, బండి పంపిస్తున్నాను, నేల తాకితే లోపల ఎముకలు పిండైపోతాయి, సిమెంటు కట్టు వేయాలి, నెలలు పడుతుంది. ఫోన్ పెట్టేసి పిడుగు చేతులు కట్టుకుని నిలబడింది. ఎనిమిదిన్నర అయింది.

కట్లక్క బల్ల మీద నుంచే చీటీ తీసి రాసింది. ఎడమ చీలమండ, లోపలి లిగమెంటు, పూర్తిగా మానినది. సంతకం పెట్టింది. చీటీ చేతికివ్వకుండా పట్టుకుని, "మీ అమ్మమ్మ కాలు నేనే పోగొట్టానే," అంది. "ఇదే కాలు. ఇలాగే వేడిగా ఉండేది. బెణుకనుకున్నాను. నొప్పి లేదంటే నడిపించాను. మీ అమ్మకు తెలియదు. నిన్ను కూడా అలాగే పోగొడతానేమోనని..." మిగతాది రాలేదు. ఆమె ఏడవడం పిడుగు ఎప్పుడూ చూడలేదు. ఎవరూ చూడలేదు.

పిల్ల చీటీ తీసుకుని మడిచింది. రెండు దిండ్లు తెచ్చి పిన్ని కాలి కింద పెట్టింది. "నేను వచ్చేదాకా ఇది కింద పెట్టావంటే నీతో మాట్లాడను," అంది. "డాక్టరు బండి ముందొస్తే ఎక్కించుకోమని చెప్పు, వాళ్లనే ఎత్తుకోమను. నువ్వు నడవద్దు." తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, పిన్ని తల మీద ఒకసారి చెయ్యి వేసి, పరిగెత్తింది.

కిటికీ బల్లకు నాలుగు అడుగుల దూరం. దాంట్లోంచి మైదానమంతా కనిపిస్తుంది. కట్లక్క ఆ కిటికీని చూస్తూ కూర్చుంది. గచ్చు మీద మిగతా అడుగులు ఎప్పుడో ఆరిపోయాయి. పిడుగువి పోయాయి. ఆమె ఎడమవి మాత్రం ఇంకా ఉన్నాయి.

తుపాకీ పేలింది. హాస్టలు పిల్లలు అరిచారు. పదిహేను సెకన్లంటే ఎంత, చెప్పులేసుకునేంతసేపు. ఏదో ఒక హర్డిల్ దభాలున పడింది, గుంపు అయ్యో అంది, మళ్లీ అరిచింది. ఎవరు పడగొట్టారో, ఎవరు పడ్డారో. తర్వాత మైకు బొంగురు గొంతుతో మొదటి నంబరు చదివింది. ఏడు. రెండోది చదివింది.

మూడు.

"పిడుగూ!" అని కేకవేస్తూ కట్లక్క కిటికీ వైపు ఒక్క ఉదుటున లేచింది. లేచిందనే అనుకుంది. కాలు దిండ్ల మీద ఉందో, జారిందో, నేలకు తగిలిందో ఆమెకు చూస్తే తప్ప తెలియలేదు. చూసింది. అది బల్ల అంచు దిగి గాలిలో వేలాడుతోంది, నేలకు బెత్తెడు ఎత్తులో, ఎవరి పనో చేయడానికి బయల్దేరినట్టు. రెండు చేతులూ చాచి పిక్క కింద పట్టుకుంది. బరువుగా ఉంది, వెచ్చగా ఉంది. పద్నాలుగేళ్ల కిందట తన ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టిన పాదం సరిగ్గా ఇంతే బరువు, ఇంతే వేడి. బయట పిల్లలు ఆమెను పిలుస్తూ, "కట్లక్కా, రా, చూడు!" అని గోల చేస్తున్నారు. ఆమె ఆ పాదాన్ని పైకెత్తి ఒళ్లో పెట్టుకుంది, కింద పెట్టనివ్వలేదు.